దారిలో చేయి అందించినవారు

ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని మన సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను సంకోచించినాను. నేను పండితుడను కాను. పదవ తరగతి ప్యాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవాడను. అయితే గత డిసెంబరు 7, 8 తేదీలలో మన సంఘం వారము పదకొండుగురము మధుర నుండి కూనూరు వరకు ఒక వ్యానులో ప్రయాణం చేసినాము. ఆ దారి మన తెలుగువారి అయిదు వందల ఏండ్ల చరిత్ర నడచిన దారి. ఆ చరిత్రనే మా ప్రయాణపు వరుసలో మనవి చేసుకొందునని ఒప్పుకొన్నాను.

డిసెంబరు 7 సైనిక పతాక దినము. 1949 నుండి దేశమంతటా ఆనాడు చిన్న జెండాలు పంచి, సైనికుల కుటుంబముల కొరకు, గాయపడినవారి కొరకు, మాజీ సైనికుల కొరకు విరాళములు పోగుచేయుచున్నారు. మన సంఘం కూడ ఏటేటా తన చందా జిల్లా మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయంలో జమ చేయుచున్నది. ఈ పర్యాయం అంతటితో ఊరకుండక, దారిలోని ఫైర్ స్టేషన్లకు పోయి, మన పిల్లలు తెలుగులోను తమిళంలోను వ్రాసిన కృతజ్ఞతా పత్రములు, మన ఆడవారు చేసిన కజ్జికాయలు, జంతికలు అక్కడివారికి ఇచ్చి రావలెనని నేను ప్రతిపాదించినాను. అప్పుడు పెద్దలలో ఒకరు, "ఏమోయ్, సైనికులుండేది లడఖులో. నీవు పళనిలో ఫైర్ స్టేషనుకు పోయి జంతికలిస్తే సైనికునికేమి ఒరుగుతుంది?" అని అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మా ఇంటి సంగతిలోనే ఉన్నది.

మా తమ్ముడు సైన్యంలో సిపాయి. 2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో జరిగిన పోరులో మనవారు 20 మంది ప్రాణములర్పించినారు. వారికి నాయకుడై ముందు నిలిచిన కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేట వారు. అదే పోరులో ఒరిగిన హవల్దార్ పళని రామనాథపురం జిల్లా వారు. ఒకరు మనలను కన్న గడ్డ బిడ్డ, ఒకరు మనకు అన్నం పెట్టుచున్న గడ్డ బిడ్డ. ఆ ఏడు మా తమ్ముడు కూడ ఆ కొండలలోనే ఉన్నాడు. ఆ ఏటి చివర, కోతలైన దినములలో, శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరిలో ఒక మధ్యాహ్నం పక్క కళ్లంలో నిప్పు లేచి మా పశువులశాలకు అంటుకొన్నది. ఇంట్లో అమ్మ ఒక్కతే. నేను మధురలో, తమ్ముడు లడఖులో. పట్టణం నుండి ఫైరింజను వచ్చి మంటలార్పినది. అమ్మను, ఆవును ఆ సిబ్బందియే బయటికి తెచ్చినారు. మూడు దినముల పిమ్మట తమ్మునికి ఫోను దొరికినది. సంగతి విని చాలసేపు వాడు మాట్లాడలేదు. చివరకు, "అన్నయ్యా, వాళ్ల పేర్లు కనుక్కున్నావా?" అని మాత్రం అడిగినాడు. నేను కనుక్కోలేదు. ఆ మాట నాలో ముల్లువలె ఉండిపోయినది.

ఇది విన్న పిదప ఆ పెద్దాయనే వ్యానులో ముందు సీటులో కూర్చున్నారు.

మా ప్రయాణం మధుర రైల్వే స్టేషను ఎదుట మంగమ్మ సత్రం వద్ద ప్రారంభమైనది. రోజూ ఆ సత్రం ముందునుండే నేను డ్యూటీకి పోవుచుందును. రాణి మంగమ్మ తెలుగు నాయక వంశపు కోడలు. మనుమడు విజయరంగ చొక్కనాథుడు పసివాడగుటచే 1689 మొదలు పదిహేనేండ్లు రాజ్యభారం మోసినది. తంజావూరు, తిరువాన్కూరు వంటి ఇరుగు పొరుగు రాజ్యములతో యుద్ధములు చేసినది. కాని ఈనాటికీ ప్రజలు ఆమెను తలచుకొనునది యుద్ధములకు కాదు. రోడ్లు వేయించి, ఇరువైపులా చెట్లు నాటించి, బావులు త్రవ్వించి, బాటసారులకు సత్రములు కట్టించినందుకు. ఆమె పేరిట మంగమ్మ సాలై అనే దారులు దక్షిణమున ఇంకను పిలువబడుచున్నవి. ఆమెది అని చెప్పే తముక్కం భవనంలోనే 1959 నుండి గాంధీ స్మారక మ్యూజియం నడచుచున్నది.

ఆమెకు సుమారు నూట అరువది ఏండ్ల ముందు, 1529 ప్రాంతమున, విజయనగర రాయల తరఫున విశ్వనాథ నాయకుడు మధురలో పాలన స్థాపించినాడు. ఆయన, ఆయన మంత్రి అరియనాథ ముదలియారు కలిసి దేశమును 72 పాళెములుగా ఏర్పాటు చేసినారని చరిత్ర. మధుర కోటకు 72 బురుజులు, ఒక్కొక్క బురుజు ఒక్కొక్క పాళెగాని బాధ్యత. పాళెగాడు కప్పం కట్టవలెను, యుద్ధం వచ్చినప్పుడు సేనను పంపవలెను, ఇవి రెండూ అందరికీ తెలిసినవే. మూడవ పని ఒకటి ఉన్నది. తన పరిధిలోని ఊళ్లకు, దారులకు కావలి కాయించుట. దీనినే తమిళంలో కావల్ అందురు. అనగా ఎల్లలో పోరాడే బంటు వెనుక, ఇంటి వద్ద కావలి ఉండే మనిషి కూడ ఆ ఏర్పాటులో భాగమే. తెలుగు, తమిళ నాయకులిద్దరూ కలిసి చేసిన ఏర్పాటు అది. మన పూర్వులు అనేకులు ఇక్కడికి వచ్చినది ఆ కొలువులకే.

దిండిగల్లులో మొదటి ఫైర్ స్టేషను వద్ద ఆగినాము. బోర్డు మీద తీయణైప్పు నిలయం అని ఉన్నది. తమిళంలో 'తీ' అనగా నిప్పు, 'అణైప్పు' అనగా ఆర్పుట. ఆ మాటకే కౌగిలించుట అనే అర్థం కూడ కలదని మాతో వచ్చిన తమిళం టీచరమ్మ చెప్పినారు. అక్కడివారు మొదట మేమేదో ఫిర్యాదు చేయ వచ్చినామనుకొన్నారు. పిల్లల కార్డులు చదివిన పిదప టీ తెప్పించినారు. వారిలో ఒకరి అన్న సైన్యంలో ఉన్నాడట. ఆ అన్న ఇంటిని చూసుకొనునది ఈయనే. మా పెద్దాయన నా వంక చూచి తల పంకించినారు.

దిండిగల్లు దాటి పళని పోవు దారిలో ఒడ్డన్‌చత్రం అనే పెద్ద ఊరున్నది. కూరగాయల సంతకు ప్రసిద్ధి. ఊరి పేరులోనే సత్రం ఉన్నది. అది దాటి పళని చేరక మునుపే విరూపాక్షి. అక్కడి పాళెగాడు గోపాల నాయకుడు తెలుగువాడు. 1772లో ఇంగ్లీషువారు, ఆర్కాటు నవాబు సేనలు శివగంగపై పడి రాజును చంపినప్పుడు, రాణి వేలు నాచియారు కూతురితో తప్పించుకొని వచ్చి ఈ విరూపాక్షిలో ఆశ్రయం పొందినది. సుమారు ఎనిమిదేండ్ల పిమ్మట 1780లో తన రాజ్యమును తిరిగి సాధించుకొన్నది. తమిళ రాణికి తెలుగు పాళెగాడు నీడనిచ్చినాడు. ఆ గోపాల నాయకుడే తరువాత ఇంగ్లీషువారిని ఎదిరించి 1801లో ఉరికంబమెక్కినాడు. మాతో వచ్చిన పిల్లలు ఈ పేరు ఎన్నడూ వినలేదు. నిజము చెప్పవలెనంటే, నేనును ఇటీవలనే విన్నాను.

పళని, ఉడుమలపేట, పొల్లాచి. ఈ దారిలోనే 1920లో జి.డి. నాయుడుగారు పొల్లాచి, పళని నడుమ ఒక్క బస్సుతో వ్యాపారం ప్రారంభించి, స్వయముగా నడిపినారు. కోయంబత్తూరు జిల్లా తెలుగు రైతు కుటుంబంలో పుట్టిన ఆ మనిషి పిదప గొప్ప యంత్రశాస్త్ర నిపుణుడైనాడు. ఆ నల్లరేగడి నేలలో పత్తి పండించిన తెలుగు కమ్మవారి కుటుంబములే కోయంబత్తూరులో మిల్లులు, పంపుల కర్మాగారములు, కళాశాలలు స్థాపించినవి. కత్తి పట్టి వచ్చినవారి మనుమలు నాగలి పట్టినారు, వారి మనుమలు మరలు పట్టినారు.

పొల్లాచి ప్రాంతమంతా కొబ్బరిపీచు వ్యాపారం. మేము ఒక ఫైర్ స్టేషనులో టీ త్రాగుచుండగా గంట మ్రోగినది. ఎక్కడో పీచు కుప్ప అంటుకొన్నదట. చేతిలో గ్లాసులు బల్లమీద పెట్టి, నిమిషంలో అందరూ బండి ఎక్కి వెళ్లిపోయినారు. మిగిలినవి సగం త్రాగిన టీ గ్లాసులు, టెలిఫోను వద్ద ఒక్క మనిషి. మా పిల్లలు వ్రాసుకొచ్చిన ఉపన్యాసం చదువనే లేదు. జంతికల డబ్బా ఆయనకిచ్చి బయలుదేరినాము. ఆ రాత్రి కోయంబత్తూరులో మన బంధువుల ఇంట బస.

మరునాడు డిసెంబరు 8. ఆ తేదీని ఎంచుకొన్నది కావలెననే.

2021 డిసెంబరు 8న, పతాక దినమునకు మరునాడే, దేశ త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ ప్రయాణించుచున్న హెలికాప్టరు కోయంబత్తూరు సమీపమందలి సూలూరు విమానస్థావరం నుండి లేచి వెల్లింగ్టన్‌కు పోవుచు, చేరుటకు కొద్ది నిమిషముల ముందు కూనూరు కొండలలో కూలిపోయినది. వెల్లింగ్టన్‌లో రక్షణ సేవల స్టాఫ్ కళాశాల ఉన్నది, ఆయన అక్కడ ప్రసంగించవలసి యుండెను. 1758లో పుట్టిన మద్రాసు రెజిమెంటుకు కేంద్రం కూడ అదే ఊరు. ఆనాటి మద్రాసు సేనలో మనవారు ఎంతమంది ఉండిరనగా, ఉత్తర హిందూస్థానంలో సిపాయికి తిలంగా అనే మాటయే పేరైపోయినది. ఆ రెజిమెంటు బ్యారకులకు నేడు జనరల్ శ్రీనగేశ్ పేరున్నది. 1955 నుండి 1957 వరకు సైన్యాధిపతిగాను, 1962 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగాను పనిచేసినది ఆయనే.

హెలికాప్టరు కూలిన చోటు పేరు నంజప్ప చత్రం. మరల సత్రమే! తేయాకు తోటల నడుమ పేదవారి చిన్న కాలనీ. మంటలు చూచి మొదట పరుగెత్తినది ఆ కాలనీవారు. బిందెలతో, బకెట్లతో నీళ్లు మోసినారు. కప్పుకొనే దుప్పట్లు తెచ్చి యిచ్చినారు. వాటిలోనే గాయపడినవారిని మోసినారు. అగ్నిమాపక సిబ్బంది వచ్చినారు గాని, అక్కడి దాకా ఫైరింజను పోవుటకు దారి లేదు. వారు దిగి, ఇళ్లనుండి నీరు తెచ్చి, చేతులతో పోరాడినారు. హెలికాప్టరులోని 14 మందిలో 13 మంది ఆనాడే మరణించినారు. మిగిలిన గ్రూప్ కెప్టెన్ వరుణ్ సింగ్ డిసెంబరు 15న బెంగళూరు ఆసుపత్రిలో కన్నుమూసినారు. ఒక్కరినీ దక్కించుకొనలేకపోయిరి. అయినను ఆ దుప్పట్లు వృథా అని ఎవరనగలరు?

మరణించినవారిలో మన బిడ్డ ఒకడున్నాడు. రావత్‌గారి అంగరక్షకుడు లాన్స్ నాయక్ సాయితేజ. అప్పటి చిత్తూరు జిల్లాలో, మదనపల్లె సమీపమున ఎగువరేగడ గ్రామం. వయస్సు 27 ఏండ్లు. కన్నవారు దూరమున ఉండగా, ఆ చివరి గడియలో అతని కొరకు నీళ్లబిందె పట్టుకొని పరుగెత్తినది భాష తెలియని తమిళ పేదలు. మరునాడు ఆ మృతదేహములను వెల్లింగ్టన్ నుండి సూలూరుకు రోడ్డు దారిన తెచ్చునపుడు, దారి పొడుగునా జనం నిలిచి పూలు చల్లినారు. కొద్ది దినములకు సైన్యాధికారులు నంజప్ప చత్రం వచ్చి, ఆ కాలనీవారికి క్రొత్త దుప్పట్లు, దీపములు, వెచ్చములు ఇచ్చి, ఏడాదిపాటు నెలనెలా వైద్యుని పంపుదుమని మాట యిచ్చినారు.

మేము ఎగువకు ఎక్కిన దారి ఆ పూలు చల్లిన దారియే. మేట్టుపాళయంలో ఆగి, కూనూరు చేరి, అక్కడి ఫైర్ స్టేషనులో చివరి కార్డులు ఇచ్చినాము. ఉపన్యాసములు లేవు. ఒక పాప సాయితేజగారి ఊరి పేరు చెప్పి, అది మా తెలుగు దేశమని తమిళంలో చెప్పినది. వారు లేచి నిలుచున్నారు. మేమును లేచినాము.

దారి పొడుగునా ప్రతి స్టేషనులో నేను ఒక్క పని మాత్రం మరువలేదు. నా నోటుబుక్కులో వారందరి పేర్లు వ్రాసుకొన్నాను. అచ్చువేయుటకు అనుమతి అడుగలేదు గనుక ఇక్కడ ఇవ్వలేదు. తిరిగి వచ్చి ఆ పుటలు తమ్మునికి పంపినాను. మా ఊరికి ఆనాడు వచ్చినవారి పేర్లు కూడ ఎట్లైనను కనుక్కొని వ్రాయుదునని మాట యిచ్చినాను.

ఉగాది వెళ్లిన కొద్ది దినములకే ఏప్రిల్ 14 వచ్చును. 1944లో ఆ తేదీననే బొంబాయి రేవులో, యుద్ధమునకై మందుగుండుతోను, పత్తి బేళ్లతోను వచ్చిన ఫోర్ట్ స్టికైన్ అనే ఓడ అంటుకొని పేలిపోయినది. మంటలార్పబోయిన అగ్నిమాపకులు 66 మంది బలియైనారు. వారి జ్ఞాపకార్థమే దేశమంతటా ఆనాడు అగ్నిమాపక దినం జరుపుదురు. ఆనాడు మన కుటుంబములు ఒక్కొక్కటి తమ పేటలోని ఫైర్ స్టేషనుకు పోయి రావలెనని నా మనవి. వట్టి చేతులతో పోయినను ఫరవాలేదు. పిల్లలను వెంటబెట్టుకొని పోండి. పేర్లు అడిగి రండి.