వెన్నుపాము గాయాలు: ఇంటికి చేరాక మొదలయ్యే లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నివేదిక ప్రకారం ఏటా 2.5 లక్షల నుంచి 5 లక్షల మందికి వెన్నుపాము దెబ్బతింటోంది. అంచనాలోనే ఇంత వ్యత్యాసానికి ఒక ముఖ్య కారణం, చాలా దేశాల్లో ఈ గాయాలకు ప్రత్యేక రిజిస్ట్రీ లేకపోవడం. పది లక్షల జనాభాకు అమెరికాలో ఏటా సుమారు 54 కేసులు, జపాన్‌లో 2018 సర్వే ప్రకారం 49, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో దాదాపు 76 నమోదయ్యాయి. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి దేశాల స్థాయిని తేల్చడం సరికాదు. మెడ విరిగిన మనిషి దారిలోనే ప్రాణం వదిలితే ఈ లెక్కలోకే రాడు. అంబులెన్సు అందని చోట రేటు తక్కువగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

రేటు కన్నా కారణాలే ఎక్కువ విషయం చెబుతాయి. జపాన్‌లో బాధితుల్లో ఎక్కువమంది వృద్ధులు. నేల మీద నడుస్తూ తూలిపడటమే అక్కడి ప్రధాన కారణం. కేప్‌టౌన్‌లో దాదాపు 60 శాతం గాయాలు కాల్పులు, కత్తిపోట్లు వంటి దాడుల వల్ల అయినవి. అమెరికాలో వాహన ప్రమాదాలు ముందుంటాయి. బంగ్లాదేశ్‌లో చెట్ల మీది నుంచి, కట్టడాల మీది నుంచి పడేవారితో పాటు, నెత్తిన బరువు మోస్తూ జారిపడి మెడ విరిగేవారూ చాలామంది. అంటే అక్కడ ఈ గాయం కూలి పనిలోంచే పుడుతోంది. తెలంగాణ గీత కార్మికుల పరిస్థితి దీనికి దగ్గరగా ఉంటుంది. మోకు జారితే తాటిచెట్టు మీది నుంచి పడేది ఇంటిని పోషించే మనిషే. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో భద్రతా కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. అది పడకుండా కాపాడే ప్రయత్నం. పడినవారి సంగతి వేరుగా చూడాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల్లో అత్యధికులు చనిపోయారు. గాయం కన్నా ఎక్కువగా వారిని బలిగొన్నవి పడక పుండ్లు, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు. నాజీ జర్మనీ నుంచి తప్పించుకుని ఇంగ్లండ్ చేరిన నరాల వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో దీన్ని మార్చారు. ఆయన పద్ధతిలో ఖరీదైనదేమీ లేదు: రెండేసి గంటలకు రోగిని పక్కకు తిప్పడం, మూత్రాశయాన్ని శుభ్రంగా ఖాళీ చేయించడం, పనిలోకీ ఆటలోకీ తిరిగి పంపడం. మన దగ్గర, ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలోంచే శస్త్రచికిత్సలు చేశారు. వేలూరు సీఎంసీలో 1966లో పునరావాస కేంద్రం ఏర్పడటానికి ఆమే మూలం.

గుట్‌మన్ చూపిన ఈ సులువైన పద్ధతి అన్ని చోట్లా ఎందుకు నిలబడలేదన్నది అసలు ప్రశ్న. ఢాకా సమీపంలోని సావర్‌లో, వలరీ టేలర్ 1979లో స్థాపించిన పునరావాస కేంద్రం దీనికి కొంత జవాబు ఇస్తుంది. చక్రాల కుర్చీలు అక్కడే తయారవుతాయి. ఊరి జీవితానికి అలవాటు పడేలా రోగులను కొన్నాళ్లు ప్రత్యేక వసతిలో ఉంచి ఇంటికి పంపుతారు. అయినా, అక్కడి నుంచి ఇంటికి వెళ్లి చక్రాల కుర్చీ మీదే ఆధారపడినవారిలో దాదాపు ఐదో వంతు రెండేళ్లలోపే మరణించినట్టు ఒక అధ్యయనంలో తేలింది. ప్రధాన కారణం మళ్లీ పుండ్లే. తర్వాత 410 మందితో జరిగిన పరీక్షలో సగం మందికి క్రమం తప్పకుండా ఫోన్లు చేశారు, ఇళ్లకూ వెళ్లారు. రెండు వర్గాల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్ని వైఫల్యంగా కొట్టిపారేయడం తొందరపాటు. ఫోనులో ఇచ్చే సలహా దూది పరుపును కొనిపెట్టదు. రోజుకూలీ వదులుకుని రోగిని తిప్పుతూ కూర్చునే భార్యకు కూలి డబ్బులూ ఇవ్వదు. సలహాతో పాటు ఆదాయం, పరుపు, క్యాథెటర్లు కూడా అందితే ఏమవుతుందో పరీక్షించాలి.

అందుకే దేశాల మధ్య పోలికకు కొత్త కేసుల రేటు కన్నా, ఇంటికి వెళ్లిన రెండేళ్ల తర్వాత ఎంతమంది బతికున్నారన్నదే సరైన కొలమానమని నా వాదన. తెలుగు రాష్ట్రాల్లో ఈ లెక్క తీసే పనిని కొత్తగా మొదలుపెట్టనక్కర్లేదు. వైకల్య ధ్రువపత్రాలకు నమోదు వ్యవస్థ ఇప్పటికే ఉంది. అందులో వెన్నుపాము గాయంతో నమోదైన వారిని ఆర్నెల్లకొకసారి ఆశా కార్యకర్త కలిసి మూడు ప్రశ్నలు అడగగలదు: పుండు పడిందా, మూత్రం ఎలా పోతోంది, చక్రాల కుర్చీ గడప దాటుతోందా.