పేజ్‌మేకర్ నాటి ఏలూరు

ఏలూరులో కరపత్రం వేయించాలన్నా, తాడేపల్లిగూడెంలో శుభలేఖలు కొట్టించాలన్నా ఒకప్పుడు సీసం అక్షరాలు పేర్చే కంపోజిటరే దిక్కు. తర్వాత ఆ పని డీటీపీ (డెస్క్‌టాప్ పబ్లిషింగ్) సెంటర్లకు మారింది. పేజీలు కూర్చేందుకు 1985లో ఆల్డస్ కంపెనీ విడుదల చేసిన పేజ్‌మేకర్, దానికి తోడుగా ‘అను’ అనే తెలుగు ఫాంట్లు ఉంటే చాలు, దుకాణం నడిచేది.

ఆ ఫాంట్ల తీరే వేరు. ఇంగ్లీషు అక్షరాలుండే స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చేవారు. ‘కొల్లేరు’ అని కొడితే ‘లే’ ఒక ముక్క, దాని కింద ల వత్తు మరో ముక్క. ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ వింత గుర్తులూ తప్ప తెలుగు కనబడదు. అదే యూనికోడ్‌లో ‘కొల్లేరు’ అంటే ఎనిమిది సంకేతాలు, ఎక్కడైనా అవే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. కానీ పేజ్‌మేకర్‌కు ఆ తెలుగు తెలియదు. అందుకే పాత ఫాంట్లు అంతకాలం నిలిచాయి.

2001లో వచ్చిన ఏడో వెర్షనే పేజ్‌మేకర్‌కు ఆఖరిది. అది నడిచిన విండోస్ ఎక్స్‌పీకి కూడా 2014లో మద్దతు ఆగిపోయింది. మరి ఆనాటి ఫైళ్ల సంగతి?

ఇక్కడే విండోస్‌కు బదులు వాడగల లినక్స్ అక్కరకొస్తుంది. 1993లో మొదలైన వైన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, విండోస్ ప్రోగ్రాము అడిగే ప్రతి పనినీ లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చి చెబుతుంది. దాని సెట్టింగుల్లో పాత విండోస్ వెర్షన్ ఎంచుకుని, అది సృష్టించే సి డ్రైవులోని ఫాంట్స్ ఫోల్డరులో పాత ఫాంట్లు వేసి, ఆపైన పేజ్‌మేకర్‌ను నడిపి చూడాలి. మొరాయిస్తే క్యూఎము వంటి సాధనంతో లినక్స్‌లోనే ఒక ఊహాయంత్రం నెలకొల్పి, అందులో పాత విండోస్‌నే ఎక్కించవచ్చు. డాస్ కాలపు ప్రోగ్రాములకైతే డాస్‌బాక్స్ ఉంది. భారతీయ భాషల కోసం సీడాక్ సంస్థ చేసిన జిస్ట్ కార్డు మీద నడిచిన తెలుగు మాత్రం అందులో కనబడదు, ఆ కార్డు ఒక విడి పరికరం కాబట్టి.

ఈ శ్రమ ఎందుకంటే, 2006లో ఏలూరు దగ్గరి కొల్లేరు సరస్సు అభయారణ్యంలో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆనాటి అర్జీలూ కరపత్రాలూ ఏ సీడీలోనైనా మిగిలి ఉంటే, అవి ఈ పాత ఫాంట్లలోనే ఉండి ఉంటాయి. కొల్లేటి లంక గ్రామాల చరిత్ర రాయబోయేవారికి అవి కావాలి. ఫైలును తెరవగలిగితే ముందు పీడీఎఫ్‌గా దాచాలి, ఆపైన యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చేటప్పుడు వత్తులు తారుమారవుతాయి గనుక, తెలుగు బాగా చదవగలిగిన మనిషి పక్కన కూర్చుని పీడీఎఫ్‌తో ప్రతి పంక్తినీ సరిచూడాలి.