పట్టాలపై ఆవిరి కారు

పట్టుమని పదిమంది ఎక్కని బండికి పెద్ద ఇంజను పూన్చుట నష్టమే గదా! ఇంగ్లీషు ఛానెల్‌లోని జెర్సీ ద్వీపమున సెంట్ హీలియర్ నుండి కార్బియర్ వరకు నడచిన చిన్న రైల్వేకు ఈ చిక్కే వచ్చినది. దాని పట్టాల ఎడము 3 అడుగుల 6 అంగుళాలు, అనగా మన మీటరు గేజికంటె కొంచెమే ఎక్కువ. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట మోటారు బస్సులు ప్రయాణికులను లాగుకొనసాగినవి. 1923లో రైల్వేవారు సెంటినెల్ కంపెనీ ఆవిరి కారును తెప్పించిరి. నిలువు బాయిలరు, ఇంజను, ప్రయాణికుల బల్లలు అన్నియు ఒకే బండిలో ఇమిడినవి. రెండు కొనలనుండియు నడుపవచ్చును గనుక, దారి చివర ఇంజనును విప్పి మరల తగిలించు శ్రమ తప్పినది. విచిత్రమేమనగా, ఆ కంపెనీ పేరుగాంచినది ఆవిరి లారీలకు! రోడ్డుబండి యంత్రమే రోడ్డు పోటీనుండి రైలును కాపాడవచ్చినదన్నమాట. పోటీ మాత్రము తగ్గలేదు. 1936 అక్టోబరులో సెంట్ ఆబిన్ స్టేషనులో మంటలు లేచి చాల పెట్టెలు కాలిపోయినవి. ఆ రైల్వే మరల తెరువబడలేదు.