చావడానికి పెంచిన శనగ

జేజీ 62 అనే శనగ రకం గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు కొంచెం జాలేసింది. జేజీ అంటే జబల్‌పూర్ గ్రామ్. మామూలు శనగకి ఒక్కో కణుపు దగ్గర ఒకే కాయ కాస్తే, దీనికి జంటగా రెండు కాస్తాయి. చూడముచ్చటైన రకం. కానీ పటాన్‌చెరు ఇక్రిశాట్ పొలంలో దానికి అప్పజెప్పిన పని చచ్చిపోవడం.

అక్కడి పరిశోధకులు 'విల్ట్ సిక్ ప్లాట్' అంటారు. మనం తెగులు మడి అనుకుందాం. ఏ రైతూ కోరుకోని నేల. ఎండు తెగులుతో చచ్చిన మొక్కల్ని తెచ్చి, ముక్కలు చేసి మట్టిలో కలిపి, అందులోనే మళ్లీ శనగ వేసి, అవీ చచ్చాక వాటినీ అక్కడే కలియదున్ని, ఇలా పనిగట్టుకుని రోగాన్ని సాగు చేశారు. తర్వాత పరీక్షించాల్సిన రకాల్ని సాళ్లుగా విత్తి, మధ్యమధ్యలో జేజీ 62 వేస్తారు. నెల తిరక్కుండానే అది తల వాల్చేస్తే మడిలో రోగం అంతటా సమంగా ఉన్నట్టు. ఎక్కడైనా అది బతికిపోయిందంటే, దాని పక్కన బతికిన రకాన్ని కూడా నమ్మడానికి వీల్లేదు. కొలబద్ద దాని చావే.

నాకీ మడి మీద ఆసక్తి ఎందుకంటే, మాది ప్రకాశం జిల్లా. నల్లరేగడి. తాత 'అన్నిగేరి' వేసేవాడు. కర్ణాటక నుంచి వచ్చిన రకం, అప్పట్లో మా వైపు ఎవర్ని కదిపినా అదే పేరు చెప్పేవాళ్లు. నిన్న పచ్చగా ఉన్న మొక్క ఇవాళ వడిలిపోయేది. తాత దాన్ని పీకి, కాండాన్ని గోటితో నిలువునా చీల్చి చూపించేవాడు. లోపల నల్లటి గీత. "నేల చెడింది" అనేవాడు. నాయనమ్మ మాత్రం అది ఫలానా వాళ్ల దిష్టేనని పేరుతో సహా చెప్పేది.

తాత మాటే నిజానికి దగ్గర. ఇక్రిశాట్ 1972లో మొదలైంది, శనగ దాని ముఖ్య పంటల్లో ఒకటి. అక్కడ ఎం. పి. హవారే, వై. ఎల్. నెనె అనే తెగుళ్ల శాస్త్రవేత్తలు తేల్చిన సంగతులు చదివితే ఆ రోజుల్లో మావాళ్లు దేనితో తలపడ్డారో అర్థమవుతుంది. ఈ తెగులు తెచ్చే ఫ్యుజేరియం అనే బూజు విత్తనంతోనూ ప్రయాణిస్తుంది. శనగ వేయకపోయినా ఆరేళ్ల దాకా మట్టిలో బతికే ఉంటుంది. పైగా అది ఒకే రకం కాదు, మన దేశంలోనే నాలుగు తెగలున్నాయని 1982 నాటికే గుర్తించారు. 'పంట మార్చండి' అని సలహా ఇవ్వడం తేలిక. అయిదెకరాల వాడు ఆరేళ్లు శనగ మానేసి ఏం తింటాడు? అందుకే రక్షణ విత్తనంలోనే ఉండాలి, మరో దారి లేదు.

నెనె గారి గురించి ఇంకొక్క మాట. అంతకుముందు పంత్‌నగర్‌లో ఉండగా, వరిలో 'ఖైరా' అనే జబ్బుకి కారణం ఏ పురుగో బూజో కాదు, జింకు లోపమని కనిపెట్టింది ఆయనే. తర్వాత సికింద్రాబాద్‌లో వ్యవసాయ చరిత్ర కోసం ఒక ఫౌండేషన్ పెట్టి, సురపాలుడి 'వృక్షాయుర్వేదం' లాంటి పాత గ్రంథాల్ని అచ్చు వేయించారు. ఈ మలుపు నాకు చాలా ఇష్టం.

తెగులు ఒక్కటే అయితే కథ ఇక్కడితో అయిపోను. శనగ అసలు ఊరు ఆగ్నేయ టర్కీ ప్రాంతం. దాని అడవి పూర్వీకురాలు ఇప్పటికీ అక్కడి కొండల్లోనే దొరుకుతుంది. చలి మొక్క. ఉత్తరాదిన దానికి దొరికే పొడవాటి చలికాలం మా దగ్గర లేదు. అక్టోబరు వానల పదును మీద విత్తితే, ఫిబ్రవరికల్లా నేల నోరు తెరుస్తుంది. ఆ లోపు కాయ ముదరాలి. అంటే కావలసింది రోగాన్ని తట్టుకునేదే కాదు, తొందరగా పని ముగించుకుపోయేది కూడా. అలాంటి కాబూలీ రకం 'శ్వేత' 1989లో వచ్చింది. 1999లో జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్ కలిసి తెచ్చిన జేజీ 11 మా వైపు రాత మార్చేసింది. ఇంటిపేరు చూశారు కదా. చావడానికి పెంచిన దానిదీ, బతికి బట్టకట్టిన దానిదీ ఒకటే.

పొగాకు, పత్తి దెబ్బ తీసిన రోజులవి. చాలామంది శనగకి మళ్లారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదేళ్లు తిరక్కుండా శనగ విస్తీర్ణం 1.63 లక్షల హెక్టార్ల నుంచి 6 లక్షలు దాటింది. దిగుబడి 95 వేల టన్నుల నుంచి 8.84 లక్షల టన్నులకి చేరింది. దీన్ని 'నిశ్శబ్ద విప్లవం' అన్నారు. నాకు ఆ మాట అంత నచ్చదు. కోత రోజుల్లో మా చేలో ఎంత గోల ఉండేదో ఆ పేరు పెట్టినవాళ్లకి తెలియదు.

శనగ ఆకు మీద సన్నటి నూగు ఉంటుంది, అది మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాల్ని చెమటలా కారుస్తుంది. పచ్చపురుగు నుంచి మొక్క తనని తాను కాపాడుకునే తీరు అది, కొంతవరకే పని చేస్తుందనుకోండి. చిన్నప్పుడు ఆకు తెంపి నాకితే పుల్లగా భలే ఉండేది. ఆ పులుపే కూలీ ఆడవాళ్ల చేతులు పగలగొట్టేది. కాయ రాలకుండా మంచులోనే కోయాలి కాబట్టి తెల్లారకముందే నడుములు వంచేవాళ్లు. నాయనమ్మ అరచేతులు ఆ నెలంతా ఆముదం వాసనే. తర్వాత నంద్యాల నుంచి ఎన్‌బీఈజీ 47 వచ్చింది, నిటారుగా పెరుగుతుంది, మిషనుతో కోయచ్చు. చేతులు బాగుపడ్డాయి, కూలి పోయింది. నాయనమ్మకి సంతోషం. మా చేలోకి వచ్చే సుబ్బమ్మత్తకి కాదు.

2013లో ధర పడిపోయింది. మా బస్తాలు కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి, వాటి రసీదు మీద అప్పు ఉంది. వడ్డీ, అద్దె కలిపి సరుకు విలువని మించిపోతుంటే బ్యాంకు నోటీసు వచ్చింది. నాయన దాన్ని మడిచి పంచాంగంలో పెట్టాడు. ఆ ఏడు నా హాస్టల్ ఫీజు అమ్మ గాజులు కట్టాయి. దిగుబడి అంకెలు చూపించే వ్యాసాల్లో ఆ కోల్డ్ స్టోరేజీ కనపడదు. అందుకని జేజీ 11ని తిట్టబోను. అది చేయాల్సింది చేసింది.

మా ఊళ్లో ఇప్పుడు అన్నిగేరి లేదు. ఇక్రిశాట్ జన్యు నిధిలో 20,000కు పైగా శనగ నమూనాలున్నాయి. సంగారెడ్డి బస్సు ఆ గేటు ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ తల తిప్పి చూస్తాను.

పోయిన నవంబరులో నాయన ఫోన్ చేశాడు. "అమ్మా, అక్కడక్కడా మొక్కలు ఎండుతున్నాయి" అన్నాడు. కాండం చీల్చి ఫోటో పెట్టమన్నాను. పెట్టాడు. నల్ల గీత లేదు. వేరు పీకి చూడు నాన్నా అన్నాను. కాసేపటికి, "పీకితే రావట్లేదమ్మా, పుల్లలా విరిగిపోతోంది" అన్నాడు. అది వేరే బూజు. నేల వేడెక్కి, తడి ఆరిన చోట రేగే ఎండు వేరుకుళ్లు. దానికి గట్టిగా నిలిచే రకం ఉందా అని అడిగాడు. కొంత తట్టుకునేవి ఉన్నాయి, పూర్తిగా తట్టుకునేది ఇంకా వెతుకుతున్నారని చెప్పాను.

"సరేలే, ఈ ఏటికి ఉన్నదే చూద్దాం" అని పెట్టేశాడు.