కబురు నుండి జాబు వరకు

కొల్లేటికోట పేరు చెప్పినంతనే ఎవరికైనను మొదట స్ఫురించునది కోటయే. రాజులను గూర్చియు, ముట్టడులను గూర్చియు పెద్దలు విరివిగా ముచ్చటించుచుందురు. కాని పందొమ్మిదవ శతాబ్దమున అత్తవారింటికి వెడలిన పడుచు తన పుట్టినింటి క్షేమమును, తోడినేస్తము బాగోగులను ఎట్లు తెలిసికొనెడిదో విచారింపదగియున్నది. అదియును చరిత్రయే.

ఆనాడు అనేక కుటుంబములలో ఆడపిల్లలకు పది పండ్రెండేండ్లకే వివాహములు జరుగుచుండెను. అట్లతద్దినాడు ఒకే ఉయ్యాల నూగిన బాలికలు మరుసటి యేటికి సరస్సు చుట్టునుగల వేర్వేరు గ్రామములకు కోడండ్రై పోయెడివారు. దూరము ఒకటి రెండామడలే, నడుమ నీరు. తాటిదోనెపై వచ్చినవాడే వార్తాహరుడు. గాజుల మలారము మోసికొనివచ్చు సెట్టి, సారె తెచ్చిన చాకలి, పురుడు పోసివచ్చిన మంత్రసాని, వీరి నోటనే కబుళ్లు తిరిగెడివి. నేస్తమునకు నెల తప్పినదన్న సంతోషవార్త చేరునప్పటికి ఆమె పురిటికి పుట్టినిల్లు చేరియుండుటయు కలదు! ఫాల్గుణమున పెద్దింట్లమ్మవారి జాతరకు వచ్చిన ఆడుబిడ్డలకు మ్రొక్కుతో పాటు ఏడాది మాటలును తీర్చుకొనవలసియుండెడిది.

ఇదే గోదావరి సీమలో, రాజమహేంద్రవరమున జిల్లా జడ్జిగా నుండిన జేమ్స్ థామస్ భార్య జూలియా 1836 మొదలు 1839 వరకు ఇంగ్లండులోని తనవారికి జాబులు వ్రాయుచుండెను. పసిబిడ్డ సంగతులు, ఎండల బాధ, చూడవచ్చినవారి వింతలు, అన్నియు వానియందు కలవు. ఆ దంపతులు రాజమహేంద్రవరమున పాఠశాలను, పఠనమందిరమును నెలకొల్పిరన్న సంగతి గ్రంథాలయాభిమానులకు ప్రీతి గూర్చును. ఆ జాబులు 1843లో లండనున గ్రంథముగా వెలువడినవి. సముద్రములు దాటి చేరుటకు నెలలు పట్టినను ఆమె మనసులోని మాట ఆమె చేతివ్రాతతోనే చేరెడిది. మన పడుచు ఆవలి గట్టునకైనను అట్లు పంపలేకపోయెను.

త్రోవలు లేక కాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియయ్యెను. ఏలూరు కాలువలలో పడవలు నడచెను. 1854లో తేలిక జాబునకు దేశమంతటను అర్ధణాయే కూలి యయ్యెను. 1879 జూలై 1వ తేదీన కాలణా కార్డు వచ్చెను. 1893లో రైలు వచ్చెను. రానిది అక్షరము. 1901 జనాభా లెక్కలలో భారతదేశమున వేయిమంది స్త్రీలకు చదువను వ్రాయను నేర్చినవారు ఏడుగురే.

కనుక కార్డు కొన్నను వ్రాయువాడు కరణమో, బడిపంతులో. గుమ్మములో అత్తగారు నిలిచియుండగా కోడలు చెప్పగలది ‘ఉభయకుశలోపరి’ మాత్రమే. అవతల చదివి వినిపించువాడును మరియొక పురుషుడే. కడుపులోని దుఃఖము కార్డు కెక్కునా?

నందిగామ ప్రాంతమున 1874లో జన్మించిన భండారు అచ్చమాంబ బాల్యవివాహితయే. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుతో పాటు చదువుకొని 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను వెలువరించెను. మరుసటి యేట మన ఏలూరినుండియే సత్తిరాజు సీతారామయ్య ‘హిందూసుందరి’ మాసపత్రికను ఆరంభించిరి. అచ్చమాంబ కథలు అందు ప్రకటితమయ్యెను. ఆమె ‘స్త్రీవిద్య’ కథలో భర్త దూరమగునప్పుడు జాబులు వ్రాసికొనుటకైనను భార్య అక్షరములు నేర్వవలయునన్న వాదము కలదు. పండితుల వాదములకన్న నాకిదియే బలవత్తరముగా తోచుచున్నది. 1902లోనే ఆమె ఓరుగంటి సుందరీరత్నమాంబతో కూడి బందరున బృందావన స్త్రీసమాజమును స్థాపించెను. 1905లో, ముప్పదియేండ్లకే, కాలధర్మము నొందెను.

పాఠకులకు ఒక మనవి. మీ ఇండ్లలో ముత్తవ్వల భోషాణములందు పాత కార్డులున్నచో, పొయ్యిలో వేయక, మన గ్రంథాలయమునకు తెచ్చి చూపుడు. అందు స్త్రీ స్వయముగా వ్రాసిన పంక్తి ఒక్కటియున్నను ప్రతి వ్రాసికొని మీ కార్డు మీకు తిరిగి యిత్తుము.