విధి నిర్వహణలో అసువులు బాసిన ఐపీఎస్ అధికారి చదలవాడ ఉమేష్‌చంద్ర
(పోలీసు సంస్మరణ దినం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

శాంతిభద్రతల పరిరక్షణలో ప్రాణాలర్పించిన పోలీసు సిబ్బందిని దేశమంతటా ఏటా అక్టోబరు 21వ తేదీన స్మరించుకోవడం ఆనవాయితీ. ఆ రోజున తెలుగు నేలపై తప్పక వినిపించే పేర్లలో చదలవాడ ఉమేష్‌చంద్ర పేరు ఒకటి. 1999 సెప్టెంబరు 4వ తేదీన హైదరాబాదు నగరంలోని సంజీవరెడ్డినగర్ కూడలిలో పీపుల్స్‌వార్ సాయుధుల కాల్పులలో ఆయన మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 33 సంవత్సరాలు. ఆయనతోపాటు ఆయన అంగరక్షకుడు, కారు డ్రైవరు కూడా ప్రాణాలు కోల్పోయారు. ఆయన జీవితం, ఉద్యోగ ప్రస్థానం, ఆనాటి ఘటన, సంస్మరణ దినం పూర్వాపరాలు పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం ఇక్కడ పొందుపరచడమైనది.

బాల్యం, విద్యాభ్యాసం

ఉమేష్‌చంద్ర 1966 మార్చి 19వ తేదీన జన్మించారు. వారి స్వగ్రామం గుంటూరు జిల్లా పెదపూడి. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలులోను, నిజాం కళాశాలలోను విద్యాభ్యాసం సాగింది. సివిల్ సర్వీసెస్ పరీక్షలో ఉత్తీర్ణులై 1991 బ్యాచ్ అధికారిగా భారత పోలీసు సర్వీసులో ప్రవేశించారు. సొంత రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్‌లోనే పనిచేసే అవకాశం లభించింది. శిక్షణ ముగిసిన నాటినుండి మరణించే నాటివరకు ఆయన ఉద్యోగ జీవితం దశాబ్దమైనా నిండలేదు. ఆ కొద్దికాలంలోనే ఆయన రాష్ట్రంలో అత్యంత క్లిష్టమైనవిగా పేరుపడిన రెండు రకాల ప్రాంతాలలో పనిచేశారు. ఒకటి రాయలసీమలోని ముఠా కక్షల ప్రాంతం, రెండవది ఉత్తర తెలంగాణలోని తీవ్రవాద ప్రభావిత ప్రాంతం.

కడప జిల్లాలో

పులివెందులలో సహాయ పోలీసు సూపరింటెండెంటుగా, ఆ తరువాత కడప జిల్లా ఎస్పీగా ఆయన బాధ్యతలు నిర్వర్తించారు. ఆ జిల్లాలో ముఠా కక్షలు తరతరాలుగా గ్రామాలను రెండుగా చీల్చిన కాలమది. పంచాయతీ ఎన్నిక, గుత్త పని, పొలం గట్టు, పాత హత్యకు ప్రతీకారం వంటి ఏ కారణమైనా సరే నాటుబాంబులతో ముగిసే పరిస్థితి ఉండేది. ఇటువంటి కేసులలో పోలీసులకు ఎదురయ్యే ప్రధాన సమస్య నేరస్థుడు ఎవరో తెలియకపోవడం కాదు. తెలిసినా సాక్ష్యం చెప్పడానికి ఎవరూ ముందుకు రాకపోవడం. ఊరిలో ఉండవలసిన వ్యక్తి ముఠా నాయకునికి వ్యతిరేకంగా కోర్టు మెట్లెక్కడం ప్రాణాలతో చెలగాటమే. అందువలన జిల్లా ఎస్పీ స్థానంలో ఉన్న అధికారి ఎవరి పక్షాన నిలుస్తాడన్న దానినిబట్టే సామాన్యుని ధైర్యం ఆధారపడి ఉండేది.

ముఠా నాయకుల పట్ల ఉమేష్‌చంద్ర కఠినంగా వ్యవహరించారు. ప్రజలు ఆయనను ‘కడప పులి’ అని పిలుచుకున్నారు. జిల్లా విడిచి వెళ్లిన పోలీసు అధికారిని జనం మరచిపోవడం సర్వసాధారణం. కడప ప్రజలు మాత్రం ఈ బిరుదును విడువలేదు. కడప నగరంలో పోలీసు శాఖకు చెందిన కల్యాణమండపం నేటికీ ఆయన పేరుతోనే ఉన్నది.

ఉత్తర తెలంగాణలో

ఆయన ఉద్యోగ జీవితంలో రెండవ అధ్యాయం వరంగల్, కరీంనగర్ జిల్లాలలో సాగింది. కరీంనగర్ జిల్లాకు ఆయన ఎస్పీగా పనిచేశారు. ఈ జిల్లాలోని జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను 1978లోనే కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన విషయం విదితమే. 1980లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో పీపుల్స్‌వార్ ఆవిర్భవించిన తరువాత సాయుధ ఘర్షణ మరింత తీవ్రరూపం దాల్చింది. రోడ్లమీద మందుపాతరలు, పోలీసు స్టేషన్లపై దాడులు, ఎదురుకాల్పులు ఆనాటి దినచర్యలో భాగమయ్యాయి. తీవ్రవాదులను ఎదుర్కొనడానికి 1989లో గ్రేహౌండ్స్ పేరుతో ప్రత్యేక దళం ఏర్పాటయింది.

ఆ దళ నిర్మాతగా పేరుగాంచిన సీనియర్ ఐపీఎస్ అధికారి కె.ఎస్.వ్యాస్ 1993 జనవరి 27వ తేదీన హైదరాబాదులోని లాల్‌బహదూర్ స్టేడియంలో పీపుల్స్‌వార్ సాయుధుల తూటాలకు బలయ్యారు. అదే సంవత్సరం మహబూబ్‌నగర్ జిల్లా ఎస్పీ పరదేశి నాయుడు సోమశిల సమీపంలో మందుపాతర పేలుడులో మరణించారు. వ్యాస్ హత్య పోలీసు శాఖకు ఒక చేదు నిజాన్ని తెలియజేసింది. అడవిలో ప్రారంభమైన పోరు రాజధాని నడిబొడ్డున, విధులలో లేని సమయంలో కూడ అధికారిని వెంటాడగలదు. ఆరున్నర సంవత్సరాల తరువాత ఉమేష్‌చంద్ర విషయంలో ఇదే మరొకసారి రుజువయింది.

1999 సెప్టెంబరు 4

కరీంనగర్ నుండి బదిలీ అయిన ఉమేష్‌చంద్ర హైదరాబాదులో సహాయ ఇన్‌స్పెక్టర్ జనరల్ హోదాలో పనిచేస్తున్నారు. లోక్‌సభ ఎన్నికల తొలిదశ పోలింగుకు అది ముందురోజు, శనివారం. ఉదయం వేళ ఆయన ప్రయాణిస్తున్న కారు సంజీవరెడ్డినగర్ కూడలిలో సిగ్నల్ వద్ద ఆగింది. అక్కడ మాటువేసిన సాయుధులు కారుపై కాల్పులు జరిపారు. అంగరక్షకుడు, డ్రైవరు కారులోనే నేలకొరిగారు.

ఉమేష్‌చంద్ర కారు దిగారు. అప్పుడాయన వద్ద ఆయుధం లేదు. అయినప్పటికీ పారిపోతున్న వారిని పట్టుకొనడానికి ఆయన వెంటబడి పరుగెత్తారు. తమను తరుముతున్న అధికారి చేతిలో ఆయుధం లేదని గ్రహించిన సాయుధులు వెనుదిరిగి కాల్చారు. వందలాది వాహనాలు, జనసంచారం గల రహదారిపైనే ఆయన ప్రాణాలు విడిచారు.

ఈ ఘటనను ప్రస్తావించేవారు సాధారణంగా ఆయన సాహసం వద్దనే ఆగిపోతుంటారు. ఆ ఉదయం మరణించినవారు ముగ్గురు అన్న విషయం మరువరాదు. అధికారి కారు నడిపినందుకు ఒకరు, ఆయన ప్రాణానికి తన ప్రాణం అడ్డుపెట్టవలసిన ఉద్యోగంలో ఉన్నందుకు మరొకరు బలయ్యారు. ఎస్పీగా ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నా దాని పర్యవసానాన్ని పంచుకునేవారు వీరే. వర్ధంతి వార్తలలో వీరి ప్రస్తావన కూడ ఉండటం న్యాయం.

ఘటన మిగిల్చిన ప్రశ్నలు

తీవ్రవాద ప్రభావిత జిల్లాలో పనిచేసిన అధికారికి ముప్పు బదిలీ ఉత్తర్వుతో తొలగిపోదని ఈ ఘటన స్పష్టం చేసింది. జిల్లాలో ఉన్నంతకాలం ఎస్పీ చుట్టూ సాయుధ బలగం ఉంటుంది. రాజధానిలో కార్యాలయ బాధ్యతలు స్వీకరించగానే ఆయన నగరంలోని వేలాది ఉద్యోగులలో ఒకరవుతారు. రోజూ ఒకే దారి, ఒకే వేళ, అవే సిగ్నళ్లు. ప్రత్యర్థికి కావలసినది కూడ అదే. అధికారి ప్రస్తుత పదవిని బట్టి కాక, ఆయన గతంలో నిర్వహించిన బాధ్యతలను బట్టి ముప్పును అంచనా వేయవలసిన ఆవశ్యకతను ఈ విషాదం చాటిచెప్పింది.

హింస అంతటితో ఆగలేదు. 2000 మార్చి 7వ తేదీన ఘట్‌కేసర్ సమీపంలో మందుపాతర పేలుడులో రాష్ట్ర మంత్రి ఎ.మాధవరెడ్డి మరణించారు. 2003 అక్టోబరు 1వ తేదీన తిరుపతి సమీపంలోని అలిపిరి వద్ద నాటి ముఖ్యమంత్రి ఎన్.చంద్రబాబునాయుడు కాన్వాయ్‌పై దాడి జరిగింది. ఇరుపక్షాలూ తుపాకులు దించాలని కోరుతూ విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక కొన్నేళ్లపాటు కృషి చేసింది. 2004 సెప్టెంబరులో పీపుల్స్‌వార్, మావోయిస్టు కమ్యూనిస్టు కేంద్రం విలీనమై మావోయిస్టు పార్టీగా ఏర్పడ్డాయి. ఆ మరుసటి నెలలో హైదరాబాదులో ప్రభుత్వానికి, తీవ్రవాద ప్రతినిధులకు మధ్య చర్చలు జరిగినప్పటికీ శాంతి నిలువలేదు. 2008 జూన్ 29వ తేదీన ఒడిశాలోని బలిమెల జలాశయంలో పడవపై ప్రయాణిస్తున్న గ్రేహౌండ్స్ దళంపై జరిగిన దాడి పోలీసు శాఖకు తీరని నష్టం కలిగించింది. ఆ దశాబ్దాలలో పోలీసు క్వార్టర్లలోను, అడవి పల్లెలలోను కూడ తల్లులు కన్నీరు పెట్టారు. ఉమేష్‌చంద్ర స్మృతిని ఆ సుదీర్ఘ విషాదం నుండి వేరుచేసి చూడజాలము.

సంస్మరణ దినం నేపథ్యం

పోలీసు సంస్మరణ దినానికి మూలం 1959 నాటి లడఖ్ ఘటన. భారత్-చైనా సరిహద్దు బాధ్యతను ఆనాడు అక్కడ పోలీసు బలగాలే నిర్వహించేవి. అక్టోబరు 20న హాట్‌స్ప్రింగ్స్ నుండి గస్తీకి వెళ్లిన బృందాలలో ఒకటి తిరిగి రాలేదు. వారిని వెదకుచు మరునాడు అధికారి కరంసింగ్ నాయకత్వంలో సుమారు ఇరవై మంది బయలుదేరారు. ఎత్తైన కొండపై మాటువేసిన చైనా సైనికులు వారిపై కాల్పులు జరిపారు. పదిమంది మరణించారు. వారి భౌతికకాయాలను చైనా నవంబరు 13వ తేదీన, అనగా మూడు వారాల తరువాత అప్పగించింది. హాట్‌స్ప్రింగ్స్‌లోనే పోలీసు లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. 1960 జనవరిలో జరిగిన రాష్ట్రాల పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరళ్ల సమావేశం అక్టోబరు 21ని సంస్మరణ దినంగా పాటించాలని తీర్మానించింది.

న్యూఢిల్లీ చాణక్యపురిలో నిర్మించిన జాతీయ పోలీసు స్మారకాన్ని 2018 అక్టోబరు 21వ తేదీన ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించారు. అక్కడ 30 అడుగుల ఎత్తు, 238 టన్నుల బరువు గల నల్లరాతి స్తంభాన్ని నెలకొల్పారు. స్వాతంత్ర్యం వచ్చిన నాటినుండి విధి నిర్వహణలో మరణించిన 34,844 మంది పోలీసు సిబ్బంది పేర్లను ఆనాటికి స్మారక కుడ్యంపై చెక్కారు. హోదాతో నిమిత్తం లేకుండా కానిస్టేబులు పేరు, ఉన్నతాధికారి పేరు ఒకే గోడపై ఉండటం ఈ కుడ్యం విశిష్టత.

కార్యక్రమ సరళి

రాష్ట్రాలలో జరిగే సంస్మరణ కవాతులో ఆయుధాలను తలక్రిందులుగా చేసి శోకాన్ని ప్రకటించడం, బ్యూగిల్‌పై ‘లాస్ట్ పోస్ట్’ వినిపించడం, మౌనం పాటించడం, స్తూపం వద్ద పుష్పగుచ్ఛాలు ఉంచడం ముఖ్య ఘట్టాలు. వీటన్నింటికన్నా ప్రధానమైనది దేశవ్యాప్తంగా ఆ సంవత్సరంలో మరణించిన సిబ్బంది పేర్లను చదవడం. ప్రస్తుతం ఈ లెక్కకు సెప్టెంబరు 1 నుండి మరుసటి సంవత్సరం ఆగస్టు 31 వరకు గల కాలాన్ని పరిగణిస్తారు. కావున అక్టోబరు నెలలో చదివే జాబితాను ఆ క్యాలెండరు సంవత్సరపు సంఖ్యగా పేర్కొనడం సరికాదు. ఉదాహరణకు సెప్టెంబరు 4వ తేదీన సంభవించిన మరణం ఈ లెక్క ప్రకారం మరుసటి ఏడాది అక్టోబరు జాబితాలోకి వస్తుంది.

ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాదు గోషామహల్ పోలీసు స్టేడియం ఈ కార్యక్రమానికి వేదికగా ఉండేది. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఇరు రాష్ట్రాలు వేర్వేరుగా నిర్వహించుకుంటున్నాయి. ఉమేష్‌చంద్ర స్మృతి మాత్రం ఈ విభజనకు అతీతం. గుంటూరు జిల్లాలో పుట్టి, హైదరాబాదులో చదివి, కడపలో పేరుగాంచి, కరీంనగర్‌లో పనిచేసిన అధికారిని ఏ ఒక్క రాష్ట్రమూ తనవాడని మాత్రమే చెప్పుకొనజాలదు.

వాడుకలో ‘అమరవీరుడు’ అన్న పదం సర్వత్రా స్థిరపడినప్పటికీ, సైన్యంలోగాని పోలీసు బలగాలలోగాని ఆ పదానికి అధికారిక నిర్వచనం లేదని 2017లో కేంద్ర మంత్రిత్వ శాఖలు కేంద్ర సమాచార కమిషనుకు తెలియజేశాయి. ఉత్తర్వులలోను, కుటుంబాలకు ప్రయోజనాలు మంజూరు చేసే పత్రాలలోను ‘విధి నిర్వహణలో మరణించిన’ అని వ్రాయడం సముచితం.

కూడలిలో విగ్రహం

ఉమేష్‌చంద్ర ప్రాణాలు కోల్పోయిన సంజీవరెడ్డినగర్ కూడలిలోనే ఆయన విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఏటా సెప్టెంబరు 4వ తేదీన అక్కడ నివాళులర్పిస్తారు. మిగిలిన రోజులలో ఆ దారిన ప్రయాణించే వారిలో అత్యధికులు 1999 తరువాత పుట్టినవారో, నగరానికి వచ్చినవారో అయి ఉంటారు. వారికి అది ఒక బస్సు మలుపు, ఒక చిరునామా గుర్తు. ఆ విగ్రహం ఎవరిదని పక్కవారిని అడిగే పిల్లవానికి చెప్పవలసిన సమాధానం క్లుప్తమే: ఇక్కడ ఒక పోలీసు అధికారి ఆయుధం లేకుండా తనపై కాల్పులు జరిపిన వారిని పట్టుకొనడానికి పరుగెత్తాడు, ఆయనకు ముందే ఆయన మనుషులు ఇద్దరు ఇక్కడే మరణించారు.