వీధిబడి యిసుక, చెన్నపట్టణపు పద్ధతి

పేదబిడ్డకు చదువునందు ఆసక్తి కలిగించుట యెట్లు అను ప్రశ్న నేడు పుట్టినది కాదు. రెండు వందల సంవత్సరములకు పూర్వమే దక్షిణదేశపు వీధియరుగులమీద ఈ ప్రశ్నకు ఒక సమాధానము దొరకినది. అది ఓడయెక్కి సీమకు బోయి, అచట ‘మద్రాసు పద్ధతి’ యను పేరుతో వేలకొలది బీదబాలురకు అక్షరములు నేర్పినది. ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా కాపురమున్న మన కుటుంబములవారికి ఈ చరిత్రతో దగ్గర సంబంధము గలదని మేము తలంచుచున్నాము. అది యెట్టి సంబంధమో క్రమముగా విన్నవించెదము.

1789వ సంవత్సరమున చెన్నపట్టణపు ఎగ్మూరులో సైనికుల మగబిడ్డల కొక అనాథశరణాలయము నెలకొల్పబడెను. దొరసైనికులకు ఈ దేశపు స్త్రీలయందు కలిగిన బిడ్డలే అందు పెక్కుమంది. ఇటు మనవారిలోను అటు దొరలలోను చోటు దొరకని పిల్లలు వారు. స్కాట్లండు దేశీయుడును మతాచార్యుడును అగు డాక్టరు ఆండ్రూ బెల్ ఆ శాలకు పర్యవేక్షకుడయ్యెను. జీతముమీద నున్న ఉపాధ్యాయులు పాతత్రోవ విడువ నొల్లనివారు. ఒకనాటి ఉదయమున బెల్ గుఱ్ఱముమీద పోవుచు, ఒక వీధిబడిలో పిల్లలు నేలపై ఇసుక పఱచుకొని వ్రేలితో అక్షరములు దిద్దుచుండుట చూచెను. తన శాలకు మరలి వచ్చి అటులే చేయుడని ఉపాధ్యాయులతో చెప్పగా, అది సాధ్యము కాదని వారనిరి. అంతట ఆయన ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలుని పిలిచి చిన్నపిల్లల తరగతిని అతని కప్పగించెను. ఆ బాలుడు ఒక సామాన్య సైనికుని కుమారుడు. పెద్దలు కాదన్న పనిని ఆ బాలుడు చేసి చూపించెను.

తరువాత శాల యంతయు ఈ త్రోవనే నడచినది. తెలిసిన పిల్లవానిని తెలియనివానితో జతచేసిరి. ప్రతి తరగతికిని ఒక బాలుడే ఉపాధ్యాయుడు. పాఠములు చిన్నవి, ఒకటి పూర్తిగా పట్టుబడినగాని రెండవది లేదు. బాగుగ చెప్పినవాడు వరుసలో పైకి జరుగును, తప్పినవాడు క్రిందికి దిగును. రేపు మరల పైకి రావచ్చును. తప్పులు వ్రాయుట కొక నల్లపుస్తక ముండెడిది. వారమున కొకసారి దానిని చదివి, శిక్ష యేమో తోటిబాలురే తీర్మానించువారు. ఆ శాలలో చదివిన విలియం స్మిత్ అను యువకుడు 1794లో కుంపిణీ దూతలతో పోయి, టిప్పు సుల్తాను ఎదుట ప్రకృతిశాస్త్ర ప్రయోగములు చేసి చూపించెను. ఎవరికిని అక్కరలేదని తలంచిన పిల్లలలోనుండి వచ్చినవా డతడు.

బెల్ 1796లో సీమకు మరలి, మరుసటి యేట తన అనుభవమును పుస్తకముగా ప్రకటించెను. ఆయన చూచిన బడిని ఆయనయే ‘మలబారు బడి’ యని వ్రాసినాడు. నాటి యింగ్లీషువారు అరవమును మలబారు అనుచుండిరి గనుక, అది అరవబడియే యనుకొనవలెను. దానిని తెలుగుబడిగా చెప్పుకొని గర్వించుట సత్యము కాదు. కాని అదేరీతి బోధన తెలుగుబడులలోను ఉండెననుటకు గట్టి సాక్ష్యము గలదు. ఆ సాక్ష్యము బళ్ళారినుండి వచ్చినది.

సర్ థామస్ మన్రో గవర్నరుగా నున్నప్పుడు 1822లో జిల్లాలలోని బడులను లెక్కింపుడని ఉత్తరువు చేసెను. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823లో పంపిన నివేదిక అన్నిటికంటె వివరమైనది. ఈయన 1816లో తెలుగు వ్యాకరణము ప్రకటించిన పండితుడు. వట్టి దస్తరములపై ఆధారపడిన అధికారి కాడు. ఆయన లెక్కలో జిల్లాయందు 533 విద్యాస్థానములు. కన్నడబడులు 235, తెలుగుబడులు 226, మరాఠీవి 23, పారసీవి 21, అరవమువి 4, ఇంగ్లీషుది 1; బ్రాహ్మణులు శాస్త్రములు చదువు స్థానములు 23. జీవితమంతయు కూడికలతో గడిపినవారము గనుక మేము దీనిని కూడి చూచితిమి. మొత్తము సరిగానే యున్నది. నాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురపు ప్రాంతములును, ఆదవానియు చేరియుండెనని పాఠకులు మఱువరాదు. అయినను తెలుగు, కన్నడము ఒకే వీధిలో ఇంచుమించు సమముగ చదువబడిన కాలమది.

కాంబెల్ వర్ణించిన బడి ప్రొద్దుట ఆరుగంటలకు ప్రారంభమగును. మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవాని కొక చిన్నదెబ్బ, నాల్గవవానికి రెండు, తరువాత వచ్చినకొలది ఒక్కొక్కటి అధికము. క్రింది తరగతులను పెద్దపిల్లలు చూచుకొందురు; పై తరగతులు పంతులుగారివి. మొదట ఇసుకలో వ్రేలితో వ్రాత, చేయి కుదిరిన పిమ్మట తాటాకుమీద గంటముతోనో, కడితముమీద బలపముతోనో వ్రాత. గుంట ఓనమాలు అనుమాట మన పెద్దల నోట నిలిచియుండుట ఇందువల్లనే. పెద్దపిల్లలు చిన్నవారికి నేర్పుచు తమ చదువును గట్టిచేసికొను ఈ విధము మెచ్చదగినదనియు, ఇంగ్లండు దీనిని అనుకరించుట తగినదే యనియు కాంబెల్ స్పష్టముగ వ్రాసెను.

ఆయన దోషములను గూడ దాచలేదు. పిల్లలు కావ్యభాషలోని పద్యములను అర్థము తెలియకయే చిలుకలవలె వల్లించుచుండిరి. 6,641 మంది విద్యార్థులలో ఆడపిల్లలు 60 మందియే. ఊరివెలుపల నివసించువారి బిడ్డలకు ఆ అరుగులమీద చోటు లేదు. దారిద్ర్యమువలన నడుమతరగతులవారును దిగువవారును చదువు చెప్పింపలేకున్నారనియు, లేతచేతులు పనికి వచ్చిన వెంటనే పిల్లలను పనిలో పెట్టవలసి వచ్చుచున్నదనియు ఆయన వ్రాసిన మాటలు చదువునప్పుడు మాకు ఆ దెబ్బల వరుస మరల జ్ఞప్తికి వచ్చును. అరచేతిలో సరస్వతి పేరు పొందువా డెవడు? ఇంటిలో పనిలేని పిల్లవాడు. దూడను కట్టి, నీరు తెచ్చి, చెల్లెలిని ఉయ్యాలలో వేసి వచ్చు పేదబిడ్డకు మిగిలినవి దెబ్బలే. మొదటి గౌరవము మంచిది. తక్కిన లెక్క అన్యాయము.

సీమలో ఈ పద్ధతి వేరొక విధముగ చెడినది. జోసెఫ్ లాంకాస్టరు 1798లో లండనులో ఇటువంటి బడినే ప్రారంభించెను. బెల్ పక్షమువారు 1811లో నేషనల్ సొసైటీని స్థాపించిరి. మొదట కనుగొన్న దెవరని ఇరుపక్షములకు పెద్ద తగవు. ఈలోగా ఒకే గదిలో వందలకొలది పిల్లలను కూర్చుండబెట్టి, ఒక్క పంతులు గంట కొట్టుచు కవాతువలె పాఠము నడిపించుట ఆరంభమైనది. లాంకాస్టరు బడిలో తప్పుచేసిన పిల్లవానిని బుట్టలో కూర్చుండబెట్టి పైకప్పునకు లాగుట గూడ జరిగినది. తక్కువ ఖర్చే ముఖ్యమైనది. 1846లో దొరతనమువారు జీతము నిచ్చి శిక్షణ గఱపు విద్యార్థి ఉపాధ్యాయులను ఏర్పరచిన తరువాత ఆ పాతరీతి క్రమముగ అంతరించెను.

బళ్ళారి లెక్కను భాగించి చూచిన, బడి యొక్కటికి పండ్రెండుమంది పిల్లలు వత్తురు. రహస్య మంతయు ఈ సంఖ్యలో నున్నదని మా నమ్మకము. పండ్రెండుమందిలో పెద్దవాడు చిన్నవానిని పేరు పెట్టి పిలుచును. వాని తల్లిని ఎఱుగును. వాడు రాకున్న ఇంటికి పోయి పిలుచుకొని వచ్చును. ఐదువందలమందిలో వా డొక అంకె మాత్రమే. ఎగ్మూరులోను పిల్లలు వందలలో నున్నను, జతగా కూర్చుండిన ఇద్దరే అసలు బడి.

1953లో రాష్ట్రములు మాఱినప్పుడు బళ్ళారి మైసూరునందు చేరినది. అచటను, అట్లే అరవదేశమునను, ఒరిస్సాలోను, మహారాష్ట్రమునను మన పిల్లలు ప్రాంతభాషలో చదువుకొని పైకి వచ్చుచున్నారు; అది రావలసినదే. కాని కూలికిపోవు ఇండ్లలో తెలుగు నోటనుండియు చేతికి రాదు. వారికొఱకు సంఘములు పెట్టు ఆదివారపు తరగతులలో ఆరేండ్లవాడును పదునాలుగేండ్లదియు ఒకే చాపమీద కూర్చుందురు, ఒక్కరే బోధకులు, నెల తిరుగకయే సగము చాప ఖాళీ. ఆ పదునాలుగేండ్ల బాలికకు నలుగురు చిన్నవాండ్రను అప్పగించిన, ఆమె వచ్చే ఆదివారము మానునా? ఆలస్యముగ వచ్చినవానికి సున్నయు వలదు. వచ్చినవాని కెల్ల చోటు చూపినచో చాలును.

సామగ్రి కొఱకు చందాలు వసూలు చేయనక్కరలేదు. మూరెడు పలకకు నాలుగుప్రక్కల వ్రేలెడు అంచు కట్టించి, జల్లించిన పొడియిసుక పలుచగ పోయవలెను. వ్రాసినది తప్పైనచో ఒకసారి కుదిపిన చెఱగిపోవును. పిల్లవాడు సిగ్గుపడ నక్కరలేదు. ఇట్టి పలకలు నాలుగున్న ఒక తరగతి సాగును.